ఒకే బోరు నీటిలో రెండు ప్రయాణాలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల నేలంతా గ్రానైట్, నైస్ రాయి. పైన పలచని ఎర్రమట్టి, దాని కింద చివికిన మొరం, ఇంకా కింద పగుళ్లు పట్టిన రాయి, అడుగున గట్టి బండ. ఇలాంటి నేలలో బోరు నీటి పరీక్ష చేయిస్తే నివేదికలో ముందుగా చూడాల్సిన అంకెలు రెండు: నైట్రేట్, ఫ్లోరైడ్. తాగునీటికి భారత ప్రమాణాల ప్రకారం నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదు. ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి; వేరే నీరు దొరకని చోట 1.5 వరకు ఓర్చుకోవచ్చు.

రెండూ నీటిలో కరిగి ఉండేవే. రెంటికీ రంగు లేదు, వాసన లేదు. రెండూ రుణ విద్యుదావేశం గల అయాన్లే. అయినా గ్రానైట్ పల్లెల్లో పశువుల దొడ్ల పక్కనున్న పాత దిగుడు బావిలో నైట్రేట్ హెచ్చుగా ఉండి ఫ్లోరైడ్ పరిమితి లోపే ఉండటం, ఊరవతల లోతు బోరులో ఇది తలకిందులు కావడం అసాధారణమేమీ కాదు. అదే వాన, అదే రాయి, అదే భూగర్భ జలం. ఫలితం మాత్రం వేరు. ఈ రెండు రసాయనాల రాకపోకలను కంప్యూటర్‌లో లెక్కకట్టే సాఫ్ట్‌వేర్లు నాలుగు దశాబ్దాలుగా ఉన్నాయి. నీటి నడకను లెక్కించే నమూనా (మోడల్) ఒకటే అయినా, అందులో నైట్రేట్‌ను అమర్చే తీరు ఒకటి, ఫ్లోరైడ్‌ను అమర్చే తీరు మరొకటి. ఆ తేడా పట్టించుకోకపోతే తెర మీద రంగురంగుల పటం అందంగానే వస్తుంది, చెప్పేది మాత్రం అబద్ధం.

ముందు నీటిని నడిపించాలి

కరిగిన రసాయనం నీటితో పోతుంది కాబట్టి మొదటి పని నీటి నడకను లెక్కించడం. దీనికి పునాది 1856లో ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ డార్సీ ఇసుక గొట్టాలతో చేసిన ప్రయోగాలు: నీటిమట్టం వాలు ఎంత ఎక్కువైతే, పొర ఎంత సులువుగా నీటిని వదిలితే, ప్రవాహం అంత ఎక్కువ. అమెరికా భూగర్భ సర్వే సంస్థ 1984లో వెలువరించిన మాడ్‌ఫ్లో ఈ సూత్రాన్నే ప్రాంతమంతటికీ వర్తింపజేస్తుంది. నేలను చిన్న చిన్న గళ్లుగా, పొరలుగా కోసి, ప్రతి గడి నుంచి పక్క గడిలోకి ఎంత నీరు పోతుందో లెక్కిస్తుంది. దాని మీద నిలిచి రసాయనాలను నడిపించే ఎంటీ3డీని చున్‌మియావ్ జెంగ్ 1990లో రూపొందించారు. 1999లో వచ్చిన దాని కొత్త రూపం ఒకేసారి అనేక రసాయనాలను మోయగలదు. ఇవన్నీ ఎవరైనా ఉచితంగా వాడుకోగలవి.

నమూనాకు హద్దు గీయడంలోనే మొదటి పరీక్ష ఎదురవుతుంది. మండలాల హద్దులు భూగర్భ జలానికి తెలియవు. మదనపల్లె వైపు పడిన నీరు బాహుదా, చెయ్యేరుల మీదుగా పెన్నా నదికి చేరుతుంది. కుప్పం వైపు నీరు కర్ణాటకలో పుట్టి తమిళనాడుకు పోయే పాలారులో కలుస్తుంది. కాబట్టి మూడు పట్టణాలనూ ఒకే చతురస్రంలో బంధించి లెక్క వేయడం కన్నా, ఒక్కో వాగు పరీవాహకాన్ని విడిగా తీసుకోవడం మేలు. పరీవాహకం అంచున ఉండే మిట్ట మీద నీరు రెండు వైపులకూ చీలిపోతుంది గనుక అక్కడ 'నీరు దాటదు' అని సాఫ్ట్‌వేర్‌కు ధైర్యంగా చెప్పవచ్చు. అదే మాట రాష్ట్ర సరిహద్దు దగ్గర చెబితే, అవతల నుంచి వచ్చే నీరూ, దానితో వచ్చే రసాయనమూ లెక్కలోంచి తప్పిపోతాయి. కుప్పం దగ్గర ఇంకో చిక్కుంది. కోలార్ బంగారు గనుల షిస్ట్ రాతి పట్టీ దక్షిణ కొస చిగురుగుంట, బిసానత్తం మీదుగా సాగుతుంది. గ్రానైట్‌కు ఇచ్చిన లక్షణాలను ఆ పట్టీకి కూడా అంటగట్టకూడదు.

పై అంచు నుంచి వాన ఇంకుతుంది. గట్టిరాతి నేలల్లో కురిసిన వానలో పదో వంతు దరిదాపు మాత్రమే భూగర్భ జలంలో కలుస్తుంది. చెరువులు, కుంటల కింద ఇంకుడు ఎక్కువ. బోర్లు నీటిని తోడేస్తాయి, తోడిన ప్రతి లీటరుతో అందులో కరిగినది కూడా బయటికి వస్తుంది. ఇంతవరకూ నైట్రేట్‌కూ ఫ్లోరైడ్‌కూ లెక్క ఒకటే.

వేగాన్ని తేల్చే చిన్న అంకె

ఎంత నీరు పారుతోంది, ఎంత వేగంగా పారుతోంది అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. రసాయనం ఎప్పుడు బోరుకు చేరుతుందో చెప్పాలంటే రెండోదానికి జవాబు కావాలి. నీరు రాతి గుండా పోదు, రాతిలోని ఖాళీల గుండా పోతుంది. ఖాళీలు తక్కువైతే అంతే నీరు ఇరుకు దారిలో పరుగెత్తాలి.

ఉదాహరణకు నీటిమట్టం కిలోమీటరుకు 5 మీటర్లు పడుతోందనీ, పొర నీటిని వదిలే గుణకం రోజుకు 1 మీటరు అనీ అనుకుంటే, ఏడాదికి ప్రతి చదరపు మీటరు అడ్డుకోత గుండా దాదాపు 1.8 ఘనపు మీటర్ల నీరు పోతుంది. నీరు కదిలే ఖాళీలు పదిశాతం ఉంటే దాని అసలు వేగం ఏడాదికి సుమారు 18 మీటర్లు. ఖాళీలు ఒక్క శాతమే అయితే సుమారు 180 మీటర్లు. అర కిలోమీటరు అవతల ఉన్న బోరుకు రసాయనం చేరడానికి మొదటి లెక్కలో ఇరవై ఏడేళ్లు, రెండో లెక్కలో మూడేళ్ల లోపే.

కృష్ణా, గోదావరి డెల్టాల ఇసుక పొరల్లో ఈ శాతం పదికి పైగా ఉంటుంది. చివికిన గ్రానైట్‌లో సాధారణంగా ఒకటి నుంచి మూడు లోపే. డెల్టా పుస్తకంలోంచి ఎత్తిన అంకెను మదనపల్లె నేలకు పెట్టేస్తే నమూనా నీటిమట్టాలను చక్కగానే చూపిస్తుంది. ఎందుకంటే స్థిరంగా ఉన్న నీటిమట్టం ఈ అంకె మీద ఆధారపడదు. తప్పు దొరికేది రసాయనం చేరే కాలంలోనే, అదీ చాలా ఆలస్యంగా. వానాకాలంలో బావి మట్టం ఎంత లేస్తుందో, వేసవిలో ఎంత దిగుతుందో ఏళ్ల తరబడి రాసిపెట్టుకున్న పట్టికలు ఉంటే ఆ శాతం గురించి కొంత ఆనవాలు దొరుకుతుంది. గట్టిరాతి నేలల్లో రసాయన నమూనా కట్టేవారు అన్నింటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన అంకె ఇదే. ఆచరణలో చాలాసార్లు సాఫ్ట్‌వేర్ ముందే నింపి ఇచ్చిన విలువతో దాటేసేదీ ఇదే.

పైనుంచి దిగేది: నైట్రేట్

నైట్రేట్ మూలం నేల పైనే ఉంది. యూరియా, పేడ, మురుగునీరు దాని పుట్టిళ్లు. యూరియాను మట్టిలోని సూక్ష్మజీవులు ముందు అమ్మోనియంగా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియం ధనావేశంతో బంకమట్టి రేణువులను పట్టుకుని ఉంటుంది. రుణావేశం గల నైట్రేట్‌కు ఆ పట్టు దొరకదు. వేర్లు అందుకోలేనిదంతా ఇంకే నీటితో కిందికి జారిపోతుంది.

అందుకే నైట్రేట్ అమరిక పై సరిహద్దులో మొదలవుతుంది: ఇంకే ప్రతి నీటి చుక్కలో ఎంత నైట్రేట్ ఉందో సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలి. చెప్పకపోతే చాలా సాఫ్ట్‌వేర్లు దాన్ని సున్నాగా తీసుకుంటాయి. పరీవాహకం అంతటికీ ఒకే విలువ ఇవ్వడం కూడా చాలదు. ఏడాదికి రెండు మూడు పంటలు తీసే టమాటా తోట, వానాధార వేరుశనగ చేను, అడవి, పశువుల దొడ్డి ఒకదానితో ఒకటి పోలవు. ఎరువు వేసిన వారంలోనే పెద్దవాన పడితే జారేది వేరు, వానకు ముందు మొక్క పీల్చేసుకుంటే జారేది వేరు. కాబట్టి ఏడాది సగటు కన్నా నెలవారీ విలువలు నయం.

బాక్స్: మూడు కిలోలు చాలు

ఏడాదికి 70 మిల్లీమీటర్ల నీరు ఇంకే ఒక ఎకరాను తీసుకుంటే, భూగర్భ జలంలో చేరేది దాదాపు 283 ఘనపు మీటర్లు, అంటే 2 లక్షల 83 వేల లీటర్లు. ఈ నీరంతా లీటరుకు 45 మిల్లీగ్రాముల పరిమితిని అందుకోవాలంటే అందులో 12.7 కిలోల నైట్రేట్ చాలు. నత్రజని లెక్కలో అది మూడు కిలోల లోపే. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం, అంటే ఇరవై కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. ఎకరాకు ఒక్క బస్తాలో ఏడో వంతు వేర్లకు అందక జారినా ఇంకే నీరు తాగునీటి పరిమితిని తాకుతుంది.

నైట్రేట్ అంకెలను ఎక్కించేటప్పుడు ఒక ప్రమాదం పొంచి ఉంది. కొన్ని ప్రయోగశాలలు నైట్రేట్‌ను నైట్రేట్‌గా ఇస్తే, కొన్ని దానిలోని నత్రజని బరువుగా ఇస్తాయి. 45 మిల్లీగ్రాముల నైట్రేట్, 10 మిల్లీగ్రాముల నైట్రేట్ నత్రజని దాదాపు ఒకటే. రెండు రకాల నివేదికలను కలిపి ఒకే పట్టికలో ఎక్కిస్తే నమూనా నాలుగింతలు తప్పుతుంది, సాఫ్ట్‌వేర్ నోరు మెదపదు.

నీటిలో కలిశాక నైట్రేట్ చాలావరకు నీటి వేగంతోనే పోతుంది. ఆక్సిజన్ అందని లోతుల్లో, తినడానికి కర్బన పదార్థం ఉంటే, కొన్ని సూక్ష్మజీవులు దాన్ని నత్రజని వాయువుగా మార్చేస్తాయి. ఈ క్షయాన్ని సాఫ్ట్‌వేర్‌లో ఒక తరుగుదల రేటుగా ఇవ్వవచ్చు. కానీ పలచని ఎర్రమట్టి, మొరంలో కర్బనం స్వల్పం. అక్కడి నుంచి తెచ్చిన సాక్ష్యం లేకుండా ఆ రేటును పెంచి, తెర మీద బోర్లను శుభ్రపరచడం తగదు.

రాతిలోంచి పుట్టేది: ఫ్లోరైడ్

ఫ్లోరైడ్‌ను వాన తేదు. గ్రానైట్‌లోని బయొటైట్, హార్న్‌బ్లెండ్, అపటైట్, ఫ్లోరైట్ ఖనిజాల నుంచి అది మెల్లగా నీటిలోకి వస్తుంది. తెలుగు నేలకు ఈ బాధ కొత్తది కాదు. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి రాసిన వైద్య నివేదికలు 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచి వచ్చినవే. ఆ తర్వాత నల్లగొండ పేరు దేశమంతటా తెలిసింది.

ఈ రసాయనాన్ని నైట్రేట్ పద్ధతిలో అమరిస్తే ఏమవుతుందో చూస్తే పొరపాటు ఎక్కడుందో అర్థమవుతుంది. ఆరంభంలో ప్రతి గడిలోనూ లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ పెట్టి, వాన నీటికి సున్నా ఇచ్చి లెక్క నడిపితే, ఏటేటా శుభ్రమైన నీరు ఇంకుతూ, బోర్లు పాత నీటిని తోడేస్తూ, కొన్నేళ్లలో తెర మీద ఫ్లోరైడ్ తుడిచిపెట్టుకుపోతుంది. నిజమైన పల్లెల్లో తరాలు గడిచినా పోలేదు. లెక్కలో లేనిది రాయి. ఫ్లోరైడ్‌కు మూలం సరిహద్దులో ఉండదు, ప్రతి గడి లోపలే ఉంటుంది.

అలాగని ప్రతి గడిలోనూ రోజుకింత అని కలుపుకుంటూ పోవడమూ కుదరదు. రాయి ఎంత వదలాలో నీటి మిగతా రసాయనం నిర్ణయిస్తుంది. ఇందులో పెద్ద పాత్ర కాల్షియంది. నీటిలో కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్‌తో కలిసి ఫ్లోరైట్‌గా బయటపడి, ఫ్లోరైడ్ పెరగకుండా అడ్డుకుంటుంది. నీరు రాతితో ఏళ్ల తరబడి ఒరుసుకుని క్షారగుణం పెరిగినప్పుడు కాల్షియం కాస్తా సున్నపు గుళికలుగా మొరంలో పేరుకుపోతుంది, లేదా బంకమట్టిలో సోడియంతో స్థానం మార్చుకుంటుంది. కాల్షియం తగ్గి సోడియం, బైకార్బొనేట్ పెరిగిన నీటిలో ఫ్లోరైడ్‌కు కళ్లెం ఉండదు. పగుళ్లలో ఎక్కువ కాలం నిలిచిన లోతు నీటిలో ఫ్లోరైడ్ హెచ్చుగా కనబడటానికి ఇది ముఖ్య కారణం.

అందువల్ల ఫ్లోరైడ్‌ను ఒంటరిగా నడిపించలేం. దానితోపాటు కాల్షియం, సోడియం, బైకార్బొనేట్, పీహెచ్‌లను కూడా నమూనాలో ఎక్కించాలి. ప్రతి కాలపు అడుగు (టైమ్ స్టెప్) చివర ప్రతి గడిలోనూ ఏ ఖనిజం కరగాలో, ఏది గడ్డకట్టాలో సమతుల్యత లెక్క చూడాలి. అమెరికా భూగర్భ సర్వే సంస్థ వారి ఫ్రీక్‌సీ అనే ప్రోగ్రాం ఈ పని చేస్తుంది. నీటిని నడిపించే ప్రోగ్రాం ఒకటి, రసాయనాన్ని సరిచూసే ప్రోగ్రాం ఒకటి వంతులవారీగా పనిచేస్తాయి.

ఇంకా చేర్చాల్సినది ఎండ. మొక్కలు, ఎండ నీటిని పైకి తీసుకుపోతాయి, లవణాలను ఇక్కడే వదిలేస్తాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు మనం వేరుగా చెప్పకపోతే ఆవిరయ్యే నీటితో పాటు అందులో కరిగినదీ పోయినట్లు లెక్కవేస్తాయి. నైట్రేట్ విషయంలో మొక్క కొంత నిజంగానే పీల్చుకుంటుంది. ఫ్లోరైడ్ విషయంలో ఆ అమరిక ఘోరమైన తప్పు. వరికి బోరు నీరు పెట్టే చోట ఇది చక్రంలా తిరుగుతుంది: తోడిన నీటిలో కొంత ఆవిరై, మిగిలింది చిక్కబడి కిందికి దిగి, మళ్లీ అదే బోరులోకి వస్తుంది.

హైదరాబాద్‌కు దక్షిణాన ఉన్న మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల గ్రానైట్ పరీవాహకంలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రెంచి భూగర్భ సర్వే సంస్థ కలిసి నడిపిన ఇండో ఫ్రెంచ్ కేంద్రం ఈ చక్రాన్ని ఏళ్ల తరబడి కొలిచింది. వరి మడికి పెట్టిన నీటిలో దాదాపు సగం తిరిగి భూమిలోకి దిగుతుందని అక్కడి లెక్కలు తేల్చాయి. ఫ్లోరైడ్ పెరుగుదలలో రాతితోపాటు ఈ తిరుగు నీటి పాత్రనూ ఆ పరిశోధనలు పరిశీలించాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం గ్రానైట్ నేలకు ఇంతకన్నా దగ్గరి పోలిక దొరకడం కష్టం. అయితే డ్రిప్ మీద నడిచే టమాటా తోటకు వరి మడి అంకెను వాడకూడదు. డ్రిప్ కింద తిరుగు నీరు చాలా తక్కువ, దిగే ఆ కాస్తా మరింత చిక్కగా ఉంటుంది.

చెదిరిపోవడం, గళ్ల కొలత

రసాయనం నీటితో పోతూనే చెదురుతుంది. కొన్ని పగుళ్లు వెడల్పు, కొన్ని ఇరుకు. కొంత నీరు ముందు చేరుతుంది, కొంత వెనకబడుతుంది. అణువులు వాటంతట అవి విస్తరించడం దీనిముందు లెక్కలోకి రాదు: కదలని నీటిలో ఒక అయాన్ ఏడాది మొత్తం తిరిగినా అర మీటరు దాటదు. చెదురుడును ఒక పొడవు రూపంలో ఇస్తారు. ప్రయాణ దూరంలో పదో వంతు అనే వాడుక అంకె చాలాచోట్ల కనిపిస్తుంది. గెల్‌హార్, ఆయన సహచరులు 1992లో ప్రపంచమంతటా చేసిన క్షేత్ర కొలతలను ఒకచోట చేర్చి చూసినప్పుడు, ఒకే దూరానికి ఈ విలువ వందల రెట్ల తేడాతో కనిపించింది. వాడుక అంకెను వాడినా, దాన్ని అటూ ఇటూ మార్చి ఫలితం ఎంత ఊగుతుందో చూడటం తప్పనిసరి.

గళ్లు మరీ పెద్దవైతే సాఫ్ట్‌వేరే సొంతంగా చెదురుడును కల్పిస్తుంది. ఒక గడిలో అడుగుపెట్టిన రసాయనాన్ని ఆ గడి అంతా సమానంగా పరచడం దాని పద్ధతి కాబట్టి, పదునుగా రావాల్సిన అంచు అలుక్కుపోతుంది. చెదురుడు పొడవు 10 మీటర్లు అనుకుంటే గడి 20 మీటర్లకు మించకుండా ఉండటం మంచిది. కాలపు అడుగు కూడా అలాగే: ఒక అడుగులో నీరు ఒక గడికి మించి దాటకూడదు. తోడుతున్న బోరు చుట్టూ వేగం పెరుగుతుంది గనుక అక్కడ గళ్లూ, అడుగులూ ఇంకా చిన్నవి కావాలి. లెక్క పూర్తయ్యాక వచ్చిన రసాయనం, పోయిన రసాయనం, మిగిలిన రసాయనం కలిపి చూస్తే శాతం లోపు తేడాతో సరిపోవాలి.

పగుళ్లలో పరుగు, మొరంలో నిలవ

బోరు వేసేటప్పుడు నీరు ఒక్కసారిగా ఎగజిమ్మేది పగులు తగిలినప్పుడే. పగులులో నీరు పరుగెత్తుతుంది. దాని పక్కనే చివికిన రాతి సూక్ష్మ రంధ్రాలలో ఉన్న నీరు దాదాపు కదలదు. ఏళ్ల తరబడి పగులులో నైట్రేట్ పారితే, అది మెల్లగా పక్క రాతిలోకి ఇంకుతుంది. ఎరువు తగ్గించాక పగులులో మంచి నీరు పారడం మొదలవుతుంది, అప్పుడు రాతిలో ఇంకినది తిరిగి బయటికి ఊరుతుంది. పసుపులో నానిన గుడ్డను ఎన్నిసార్లు జాడించినా నీళ్లలోకి పసుపు దిగుతూనే ఉన్నట్టు, బోరు నీరు శుభ్రపడటానికి ఆశించిన దానికన్నా చాలా ఎక్కువ కాలం పడుతుంది.

సాఫ్ట్‌వేర్‌లో దీనికి రెండు గదుల అమరిక ఉంది: ప్రతి గడిలో కదిలే నీటికి ఒక వాటా, నిలిచిన నీటికి ఒక వాటా, వాటి మధ్య ఇచ్చిపుచ్చుకునే రేటు ఒకటి. ఒక్క గదితోనే సరిపెట్టిన నమూనా రెండు వైపులా తప్పుతుంది. కాలుష్యం ఆలస్యంగా వస్తుందని చెబుతుంది, నిజానికి పగులు దారిన ముందే వచ్చేస్తుంది. త్వరగా పోతుందని చెబుతుంది, నిజానికి పోదు. ఎరువుల వాడకం తగ్గించిన రెండేళ్లకే బోర్లలో ఫలితం చూపాలని ఏ పథకమైనా అడిగితే, ఈ నేలలో అది తీరని కోరిక.

నమూనాను నేలతో సరిచూడటం

పటాన్‌చెరు పారిశ్రామిక వ్యర్థాలు నక్కవాగు వెంట భూగర్భ జలంలో ఎలా వ్యాపిస్తున్నాయో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఇలాంటి నమూనాతోనే లెక్కించి 2001లో ప్రచురించారు. అక్కడ పదుల రసాయనాలు ఉన్నా, నీటిలో కరిగిన మొత్తం లవణాలను ఒకే రసాయనంగా తీసుకున్నారు. ఏ ప్రశ్నకు జవాబు కావాలో తెలిసినప్పుడు అమరికను ఎంతవరకు సరళం చేయవచ్చో చూపే మంచి ఉదాహరణ ఇది. వ్యర్థం ఎటు పోతోందన్నదే ప్రశ్న అయితే ఒక్క రసాయనం చాలు. ఫ్లోరైడ్ ఎందుకు పెరుగుతోందన్నది ప్రశ్న అయితే చాలదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న కూడా ఒకటి ముందుకొచ్చింది. శ్రీశైలం జలాశయం నుంచి హంద్రీ-నీవా కాలువల ద్వారా ఎత్తిపోసిన కృష్ణా నీరు పుంగనూరు బ్రాంచి కాలువ మీదుగా సాగి, 2025 ఆగస్టులో కుప్పం చేరింది. ఈ నీటితో చెరువులు నిండితే వాటి కింది బోర్లలో ఫ్లోరైడ్ ఎంత తగ్గుతుంది?

నమూనాలో ఇది కొత్త సరిహద్దు: చెరువు అడుగున నీటిమట్టం, అందులోంచి దిగే నీటి రసాయనం, నిండి ఉన్న నెలలు. నైట్రేట్‌కు జవాబు సులువు, చెరువు నీరు కలిసిన మేరకు పలచబడుతుంది. ఫ్లోరైడ్‌కు ముందు ఆ నీటిలోని కాల్షియం, బైకార్బొనేట్ ఎంతో తెలియాలి. దిగే దారిలో ఏ ఖనిజాలను కరిగిస్తుందో, వేసవిలో చెరువు ఎండుతూ చిక్కబడ్డ నీరు ఏమవుతుందో చూడాలి. మహేశ్వరం పరీవాహకంలోని ఇంకుడు చెరువు విషయంలో ఫ్రెంచి బృందం 2014లో నీటి నడకను లెక్కించే మార్తే ప్రోగ్రాంను ఫ్రీక్‌సీతో జతచేసి ఇలాంటి లెక్కే కట్టింది.

ఇందుకు కావాల్సిన కొలతలు ఖరీదైనవేమీ కావు. ఆయకట్టులోని కొన్ని బోర్లలో వానకు ముందు, తర్వాత నీటిమట్టం రాసుకోవాలి. అదే రోజు నీటి శాంపిల్ తీసి ఫ్లోరైడ్, నైట్రేట్‌లతో పాటు కాల్షియం, సోడియం, బైకార్బొనేట్, క్లోరైడ్, పీహెచ్‌లను పరీక్షించాలి. బోరు లోతు, పగుళ్లు తగిలిన లోతులు తెలిసి ఉండాలి. వెయ్యి అడుగుల బోరు మూడు నాలుగు పగుళ్ల నీటిని కలిపి ఇస్తుంది, ఆ మిశ్రమాన్ని ఒకే పొరకు అంటగడితే లెక్క చెడుతుంది. క్లోరైడ్‌ను ప్రత్యేకంగా చూడాలి. అది రాతితో చర్య జరపదు, దేనికీ అంటుకోదు, ఆవిరి కాదు. క్లోరైడ్ ఎంత చిక్కబడిందో చూస్తే ఎండ వాటా తెలుస్తుంది. ఫ్లోరైడ్ అంతకన్నా ఎక్కువ పెరిగితే మిగిలినది రాతి వాటా.

ఈ కొలతల్లో కొన్ని ఏళ్లవి నమూనాను సరిదిద్దడానికి వాడి, మిగతా ఏళ్లవి దానికి చూపకుండా పక్కన ఉంచాలి. చూడని ఏళ్ల నైట్రేట్‌నూ ఫ్లోరైడ్‌నూ అది దాదాపుగా చెప్పగలిగితే, చెరువులు నిండిన తర్వాతి కాలానికి దాన్ని నడిపించవచ్చు. ఒకటి సరిపోయి రెండోది తప్పితే ఎక్కడ వెతకాలో కూడా అదే చెబుతుంది: నైట్రేట్ తప్పితే నేల పైన, ఫ్లోరైడ్ తప్పితే రాతిలో, రెండూ తప్పితే నీటి నడకలో.